మంటవేళ దిగిన విమానం

మొదటి నమోదు: లంబసింగి, నేల మీద

తెల్లవారేసరికి విమానం మీదంతా బూడిద. చింతపల్లి వైపు అడవి మళ్లీ అంటుకుంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా జల్లెడ పట్టిన పిండిలా సన్నగా రాలుతోంది. తడిగుడ్డతో రెక్కలూ కిటికీలూ తుడిచాను. పొట్ట కింద ఏసీ గాలి పీల్చుకునే జాలీ విప్పి, దులిపి, మళ్లీ బిగించాను. లోపల కూర్చుని ఏసీ వేసి చూస్తే వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగాలి వచ్చింది. ఏసీ బాగుందని రాశాను.

రోజూ అయితే చీకటి విడీ విడకముందే ఎగిరి, ఉప్పాడలో మొదటి సైరన్ మోగకముందే దిగిపోతాను. ఇవాళ పొగ రన్‌వేను కప్పేసింది. అది పలచబడేసరికి కింద సైరన్ మోగనే మోగింది. ఉప్పాడ కంట్రోల్ గదిలో కూర్చునే జకరయ్య గారు రేడియోలో ఆ సంగతి చెప్పారు. తలుపులన్నీ వేసేశారట, రన్‌వే మీద తారు అప్పుడే మెత్తబడుతోందట. వస్తే రమ్మనీ, మానితే మానమనీ అన్నారు. మంటవేళ మొదలైందంటే కోస్తాలో మనుషులంతా నేలమాళిగల్లోకి దిగిపోతారు. సాయంత్రం సైరన్ దాకా వీధిలో కుక్క కూడా కనబడదు. ఏసీ ఉన్న విమానానికి మాత్రం ఆ వేళలోనూ దిగే అనుమతి ఉంది. వెళ్లాలా వద్దా అన్నది పైలట్ ఇష్టం. ఈ విమానానికి పైలట్‌ని నేనొక్కదాన్నే. పేరు మైలపల్లి సువార్త. గాలిలో ఉండగా నేను మాట్లాడుతుంటే విమానం రాసుకున్న ముక్కలను దిగాక కూర్చుని ఇలా పూర్తి చేస్తున్నాను.

తొమ్మిది సీట్లలో నలుగురే ప్రయాణికులు. గరికిన పోలమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని ఊరికి తిరిగి వెళ్తోంది. ఒక కంటికి కట్టు ఉంది. నన్ను చూడగానే మా అమ్మ పేరు అడిగి, బంధుత్వం కలిపి, పిల్లా అని పిలవడం మొదలుపెట్టింది. రొయ్యల మేత వ్యాపారం చేసే వేగేశ్న రామభద్రరాజు గారు భుజం మీద కండువాతో, చేతిలో చల్లటి నీళ్ల డబ్బాతో వచ్చారు. శేషారత్నం గారు పశువుల డాక్టరు. కొండ మీది గేదెలకు సూదులు వేసి తిరిగి వెళ్తున్నారు.

నాలుగో మనిషి గొంతును ముందు గుర్తుపట్టాను. "ఎగురుతున్నామా అండీ?" అని వెనక నుంచి వినబడగానే తిరిగి చూశాను. రోజూ రేడియోలో కోస్తా ఎండ వార్తలు చదివే గొంతు. ఉప్పాడ, కాకినాడ, అంతర్వేది ఊళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి, అక్కడ ఇవాళ ఎంత కాగుతుందో, సైరన్లు ఎప్పుడో చెప్పే మనిషి. పేరు పాంగి సుందరం. సన్నగా, పొట్టిగా, చొక్కా మీద మందమైన కోటు వేసుకుని ఉన్నాడు. కొండవాళ్లు కోట్లు వేసుకోవడం కొత్త కాదు కనుక నేనేమీ అడగలేదు.

మీ వార్తలు వినే మేం తలుపులు వేసుకుంటామని చెబితే నవ్వాడు. తను ఇంతవరకూ ఎప్పుడూ కిందికి దిగలేదన్నాడు. భార్య దీవెన ఉప్పాడలో సముద్రపు గోడ పనిలో ఉంది. వీలు దొరికినప్పుడల్లా ఆమే పైకి వచ్చి వెళ్లేది. బిడ్డ అక్కడే పుట్టింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము ఉందని, ఆ పిల్లను ఇప్పుడప్పుడే కొండ మీదికి తీసుకెళ్లొద్దని అక్కడి డాక్టర్లు చెప్పారు.

"నా కూతుర్ని చూడ్డానికి వెళ్తున్నానండి," అన్నాడు. రేడియోలో ఊళ్ల పేర్లు చెప్పినంత స్పష్టంగా చెప్పాడు ఆ మాట.

చెయ్యి పైకెత్తి గాలి రంధ్రం కింద పెట్టి మళ్లీ చూశాను. చల్లగా ఉంది. ఎగురుదామన్నాను.

రెండో నమోదు: కొండల మీద

పొగ పలచబడిందని నేల మీద నుంచి అనిపించింది గానీ, చెట్ల ఎత్తు దాటాక ఇంకో పొర ఉంది. ఎదురుగా ఏమీ కనబడలేదు. ఊపిరి బిగబట్టి పైకి లాగాను. కొంచెంసేపటికి ఎండలోకి వచ్చాం. వెనక రాజు గారు గట్టిగా ఊపిరి వదలడం వినబడింది. కింద ఘాట్‌రోడ్డు గోధుమరంగు తాడులా మెలికలు తిరిగి ఉంది. దాని మీద ఒక్క బండి లేదు.

మొదట వాసన వచ్చింది. తడిసిన బొగ్గు వాసన. పొగలోంచి వచ్చాం కదా, పోతుందిలే అనుకున్నాను. తర్వాత నా మోచేతి పక్క రంధ్రంలోంచి వచ్చే గాలి నెమ్మదించింది. చల్లదనం ఉంది, తోపు లేదు. జోరు పెంచాను. మోటారు చప్పుడు పెరిగింది, గాలి పెరగలేదు. జాలీని నేనే దులిపాను. కానీ ఆ జాలీ దాటి లోపలికి పోయిన బూడిదను పైనుంచి దులపడానికి చెయ్యి పట్టదు.

పోలమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటోంది. ఉక్కగా ఉందేంటని రాజు గారు అడిగారు. చూస్తున్నానన్నాను. నిజంగానే చూస్తున్నాను. ముందున్న అంకెల మీద నుంచి కళ్లు తిప్పలేకపోతున్నాను.

మూడో నమోదు: ఇంకా పైకి

ఈ విమానానికి ఏసీ ఒక్కటే. అది మనుషులకూ గాలి ఇవ్వాలి, సీట్ల కింద ఉన్న బ్యాటరీలనూ చల్లబరచాలి. రెంటికీ చాలనప్పుడు విమానం తనంతట తాను మనుషుల వాటా కోసేసి బ్యాటరీలకు ఇస్తుంది. బ్యాటరీ కాగితే మోటార్లు ఆగిపోతాయి కనుక అందులో తప్పు పట్టడానికేం లేదు. ఎర్రదీపం వెలిగి, రంధ్రాల్లో గాలి పూర్తిగా ఆగిపోయినప్పుడు అదే జరిగిందని అర్థమైంది.

చేయగలిగింది ఒక్కటే కనిపించింది. పైన గాలి చల్లగా ఉంటుంది. మనుషులు తట్టుకోగలిగినంత ఎత్తుకు వెళ్లి, బయటి గాలి లోపలికి వచ్చే మూతలు తెరిచాను. ఈల వేస్తూ చల్లగాలి దూరింది. రాజు గారు అమ్మయ్య అన్నారు. పోలమ్మకు కాస్త ఆయాసం వచ్చింది. ముక్కుతో పీల్చి నోటితో వదలమని శేషారత్నం గారు ఆమెకు చెబుతున్నారు.

లంబసింగిని పిలిచి వెనక్కి వస్తానన్నాను. పొగ మళ్లీ కమ్మేసిందన్నారు. రన్‌వే మీద నిలబడితే పక్కనున్న మనిషే కనబడడం లేదట. పాడేరు కూడా అంతే. పొగ పోయేదాకా పైనే తిరుగుతూ ఉండటానికి బ్యాటరీలో అంత ఛార్జి లేదు. ఇక ఉప్పాడే మిగిలింది. ఉప్పాడలో నేల మీద వేడి యాభై దాటిందని జకరయ్య గారు చెప్పారు. సర్లెండి, దించేటప్పుడు కాసేపు ఉడుకుతాం, నీళ్లు తాగుతాం, అంతే కదా అన్నాను.

అప్పుడే శేషారత్నం గారు సీట్లు పట్టుకుంటూ ముందుకు వచ్చి నా వెనక మోకాళ్ల మీద కూర్చున్నారు.

"సువార్త గారూ, ఆ సుందరం గారికి చెమట పట్టదు. మీకు తెలుసా?" అన్నారు.

తెలియదన్నాను. పుట్టుకతోనే ఆయన ఒంట్లో చెమట గ్రంథులు లేవని ఆమె చెప్పారు. వేడి లోపలికి వెళ్లడమే గానీ బయటికి వచ్చే దారి లేదు. అందుకే కొండ దిగలేదు. ఏసీ విమానం, దిగగానే ఏసీ బండి, అక్కడి నుంచి ఆసుపత్రిలో చల్లగది, ఇలా అన్నీ కుదుర్చుకుని, విమానాల ఆఫీసులో చెప్పి, వాళ్లు సరేనన్నాకే బయలుదేరాడట. ఆఫీసువాళ్లు నాకు చెప్పలేదు. ఆ మందపాటి కోటు చలికి వేసుకున్నది కాదు. లోపలి అరల్లో మంచు సంచులున్నాయి. అవి అప్పుడే సగం కరిగాయి.

నాలుగో నమోదు: సముద్రం కనబడుతుండగా

విమానాన్ని దాని దారిన వదిలి, వెనక్కి తిరిగి సుందరంతో మాట్లాడాను. ఆయన మొహం ఎర్రగా, పొడిగా ఉంది. మిగతా ముగ్గురి మొహాలూ తడిగా మెరుస్తున్నాయి. ఎలా ఉందని అడిగాను. పైన ఉన్నంతసేపూ పరవాలేదన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, మాటల మధ్య మాత్రం ఆగుతున్నాడు.

మామూలుగా అయితే చాలా ముందు నుంచే, మోటార్లు నడుపుతూ మెల్లమెల్లగా దిగుతాం. అలా దిగితే ఏసీ అంతా బ్యాటరీలకే పోతుంది. కింది మంటగాలిలో, గాలి ఆడని విమానంలో చాలాసేపు ఉండాలి. ఇంకో దారి ఉంది. రన్‌వే నెత్తిమీదికి వచ్చేదాకా పైనే ఉండి, అక్కడ మోటార్లు దాదాపు ఆపేసి, గిరికీలు కొడుతూ నిటారుగా జారడం. మోటార్లు పని చేయకపోతే బ్యాటరీలకు చల్లదనం అక్కర్లేదు. ఏసీలో మిగిలిన ఆ కాస్త ఊపిరీ మనుషుల వైపు తిప్పవచ్చు. కానీ అప్పటికే కాగి ఉన్న బ్యాటరీలు ఆ కాసేపట్లో ఇంకా కాగుతాయి. రన్‌వే అందకపోతే మళ్లీ పైకి లేవడానికి మోటార్లు పలుకుతాయో లేదో తెలియదు. అవకాశం ఒక్కసారే. అలాంటి దిగుడు నేను కొండ మీద, చల్లటి పొద్దున, ఖాళీ విమానంతో నేర్చుకున్నాను. వేడికి పలచబడిన గాలిలో, మనుషులతో ఎప్పుడూ చేయలేదు.

మామూలుగా దించితే ఏమవుతుందని శేషారత్నం గారిని అడిగాను.

"బతకడని చెప్పలేను. బతుకుతాడని కూడా చెప్పలేను. గేదె అయితే ఆశ వదులుకునేదాన్ని," అన్నారామె. సుందరం వింటున్నాడని తెలిసే అన్నారు.

ఈ రెండు దారులనూ అందరికీ వినబడేలా చెప్పాను. చెప్పకుండా చేయడం నాకు చేతకాలేదు. సుందరం వెంటనే తల అడ్డంగా ఊపాడు. తన ఒక్కడి కోసమైతే వద్దు, మామూలుగానే దించమన్నాడు. పోలమ్మ తనకు సగమే కనబడుతోందని, తనని అడగొద్దని, నాకు ఎలా తోస్తే అలా చెయ్యమని అంది.

రాజు గారు కిటికీలోంచి కిందికి చూసి, కండువాతో మొహం తుడుచుకుని మాట్లాడారు.

"నాకు భయంగా ఉందండి. అబద్ధం ఆడి ఏం లాభం? ఒకర్ని కాపాడ్డానికి మిగతా అందర్నీ పణం పెట్టడం నాకు సరి అనిపించట్లేదు. వద్దన్నానని రాసుకోండి."

రాసుకుంటానన్నాను. ఇదిగో, రాశాను. ఆయన అన్న దాంట్లో అన్యాయం లేదు. అక్కడ నేను పైలట్‌ని కాకుండా ప్రయాణికురాలినైతే నేనూ అదే అనేదాన్నేమో.

రేడియోలో జకరయ్య గారికి చెప్పాను. ఉండమన్నారు. తర్వాత వేరే గొంతు వచ్చింది.

"అక్కా, నేను దీవెన్ని. ఇక్కడ జకరయ్య గారి పక్కనే ఉన్నాను. మా ఆయనకి సంగతి తెలుసా?"

తెలుసన్నాను. మాట్లాడతావా అని అడిగాను.

"వద్దక్కా. మాట్లాడితే ఏడుత్తాను, తను కంగారు పడతాడు. నేను బండి తీసుకొచ్చి రన్‌వే పక్కన పెడతాను. నువ్వు దించు."

మంటవేళలో బండి బయటికి తీయకూడదు కదా అని జకరయ్య గారు వెనక నుంచి అంటున్నారు. తలుపు చప్పుడు వినబడింది. ఆమె అప్పటికే వెళ్లిపోయినట్టుంది.

నిటారుగానే దిగుతున్నానని అందరికీ చెప్పాను. ఎందుకలా నిర్ణయించుకున్నానని తర్వాత జరిగిన విచారణలో అడిగారు. దీవెన గొంతు విన్నందుకు కాదు. అంతకుముందే నా చెయ్యి ఆ వైపు వెళ్లింది. అంతకన్నా సరిగ్గా చెప్పలేను.

అయిదో నమోదు: దిగడం

ఉప్పాడ రన్‌వే పైనుంచి చూస్తే బల్ల మీద పడేసిన నల్ల రిబ్బను ముక్కలా ఉంది. ఒక చివర ఉప్పుమళ్లు, రెండో చివర సముద్రపు గోడ. బెల్టులు బిగించుకోమన్నాను. సుందరాన్ని ఏసీ గాలి అన్నిటికన్నా బాగా వచ్చే సీటుకు మార్చాలని శేషారత్నం గారన్నారు. అది రాజు గారి సీటు. ఆయన వెంటనే లేచారు. లేచి, తన డబ్బాలోని నీళ్లతో కండువా తడిపి, గాలి రంధ్రానికి అడ్డంగా పట్టుకున్నారు. తడిగుడ్డలోంచి వచ్చే గాలి సుందరం మెడ మీద పడుతోంది. వద్దన్న మనిషి వద్దన్నట్టే ఉండి, చేయవలసింది చేస్తున్నాడు.

మోటార్లు తగ్గించాను. విమానంలో ఇంతకుముందెప్పుడూ వినని నిశ్శబ్దం వచ్చింది. ముక్కు దించి ఎడమకు వాల్చాను. ఏసీని మనుషుల వైపు తిప్పి, బయటి మూతలు మూసేశాను. గాలి వచ్చింది. ఎక్కువ రాలేదు, వచ్చింది.

సగం దాకా బాగానే ఉంది. తర్వాత వేడి మొదలైంది. ముందు కిటికీ అద్దానికి, తర్వాత నా చేతుల్లోని ఇనప పిడికి, తర్వాత నేను పీల్చే ఊపిరికి. చెమట కంట్లోకి దిగితే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. వెనక శేషారత్నం గారు సుందరంతో ఆపకుండా మాట్లాడుతున్నారు. కూతురు పేరేంటని అడిగారు. ఇంకా పెట్టలేదని చెప్పాడు. ఏ పేరు అనుకుంటున్నారని అడిగారు. ఆయన ఏదో చెప్పాడు, నాకు వినబడలేదు. మళ్లీ అడిగారు. ఈసారి జవాబు రాలేదు.

"కళ్లు తెరిచి చూస్తున్నాడా?" అని వెనక్కి తిరగకుండానే అడిగాను.

"నువ్వు ముందుకు చూడమ్మా," అన్నారు శేషారత్నం గారు.

బ్యాటరీ అంకె పెరుగుతోంది. ఏ అంకె దగ్గర బ్యాటరీ ఆగిపోతుందో నాకు తెలుసు. అక్కడ ఆగాక ఇంకేమీ ఉండదు. ఆఖరి గిరికీ నుంచి బయటికి వచ్చేసరికి రన్‌వే ఎదురుగానే ఉంది, కానీ నేనింకా ఎత్తులో ఉన్నాను. వేడిగాలి కింద నుంచి మమ్మల్ని తోస్తోంది. ఇంకోసారి తిరగడానికి మోటార్లు పలుకుతాయన్న నమ్మకం లేదు. విమానాన్ని పక్కకు వాల్చి, దాని ఒళ్లు గాలికి అడ్డంగా పెట్టి, దబదబా దించాను. పోలమ్మ దేవుడి పేరు తలుచుకుంది. గోడ పెద్దదవుతోంది. గోడ మీద సముద్రపు పాచి గీతలు కూడా కనబడుతున్నాయి.

చక్రాలు తగిలాయి. ఎగిరి మళ్లీ తగిలాయి. బ్రేకులు తొక్కాను. మెత్తబడ్డ తారు చక్రాలను పట్టుకుంది. ముందు చక్రం విరిగిన చప్పుడు, ముక్కు నేలను గీకిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఆగాం. కిటికీ నిండా గోడే.

దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. బ్యాటరీ తనంతట తానే ఆగిపోయింది. ఏసీ ఆగింది.

ఆరో నమోదు: రన్‌వే మీద

తలుపు తెరిచాను. బయటి గాలి మొహానికి కొట్టింది. ఊపిరి తీసుకుంటే ముక్కు లోపల మండింది. ఎటు చూసినా మనిషి లేడు. రన్‌వే పక్కన కంకర మీద తెల్ల బండి ఊగుతూ వస్తోంది. వచ్చి, కాస్త దూరంలో ఇసుకలో దిగబడి ఆగింది. దీవెన దిగి, చేతిలో తడి దుప్పటితో పరుగెత్తుకుంటూ వచ్చింది. బండి ఇక కదలదనీ, లోపల ఏసీ మాత్రం పనిచేస్తోందనీ అరిచి చెప్పింది. ఆసుపత్రి ఇంకో బండి పంపుతోందట, అది వచ్చేదాకా ఇందులో ఉంచవచ్చు. బండి దాకా మోసుకెళ్లాలి.

సుందరానికి స్పృహ లేదు. పొయ్యి మీంచి దించిన గిన్నెను పట్టుకున్నట్టుంది ఒళ్లు. నేను భుజాల దగ్గర పట్టుకున్నాను. కాళ్ల దగ్గర ఎవరు పడతారో చూసేలోపే రాజు గారు పట్టుకున్నారు. మెట్లు దిగి తారు మీద రెండడుగులు వేశామో లేదో ఆయన చెప్పులు అంటుకుపోయాయి. లాగారు, రాలేదు. వదిలేసి వట్టికాళ్లతో నడిచారు. నేను వెనక్కి నడుస్తూ ఆయన మొహం చూస్తున్నాను. పెదవి కొరుక్కుంటున్నారు. దీవెన మా పక్కనే నడుస్తూ దుప్పటిని సుందరం మీద గొడుగులా పట్టుకుంది. ఆమె ఏదో చెబుతోంది ఆయనకి, బిడ్డ పడుకుందనీ, లేస్తే చూద్దువుగాననీ, మామూలు మాటలు. ఏడవలేదు.

బండి లోపల చల్లగాలి తగిలింది. శేషారత్నం గారు పోలమ్మను నడిపించుకుంటూ వచ్చారు. దిగేటప్పుడు సుందరం చెయ్యి పట్టుకుని వదలనందుకు పోలమ్మ మణికట్టు విరిగింది. అందరం ఆ చిన్న బండిలో ఒకరి మీద ఒకరు ఇరుక్కుని కూర్చున్నాం. శేషారత్నం గారు సుందరం చొక్కా కోసి, దొరికిన నీళ్లన్నీ ఒంటి మీద పోస్తూ, మమ్మల్ని దేనితోనైనా విసరమన్నారు. రాజు గారు అట్టముక్క తీసుకుని విసిరారు. ఆయన పాదాల కింద చర్మం ఊడి ఉంది. ఇంకో బండి వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నేను సుందరం ఛాతీ వంక చూస్తూ కూర్చున్నాను. లేస్తోంది, పడుతోంది. ఒక్కోసారి లేవడానికి ఆలస్యమయ్యేది. అప్పుడు మేమందరం విసరడం ఆపేసేవాళ్లం.

ఏడో నమోదు: ఉప్పాడ, తర్వాత

సుందరం బతికాడు. మర్నాటికి గానీ కళ్లు తెరవలేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయనీ, కొన్నాళ్లు మందులు వాడాలనీ చెప్పారు. మాట బొంగురుగా, తడబడుతూ వస్తోంది. అది తగ్గుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

విచారణ జరిగింది. ఏసీ విప్పి చూస్తే, బూడిద జాలీ దాటి లోపలి రేకుల మీద అట్టకట్టి ఉంది. ఆ తప్పు నాది కాదన్నారు. మనుషులున్న విమానాన్ని ఒక్క అవకాశంతో దించడం మాత్రం వేరే సంగతన్నారు. రాజు గారు రెండు పాదాలకూ కట్లతో చక్రాల కుర్చీలో వచ్చారు. తను వద్దన్నాననీ, అయినా నేను వినలేదనీ చెప్పారు. నేను అది నిజమేనన్నాను. ఇప్పుడు వద్దంటారా, సరే అంటారా అని ఎవరో అడిగారు.

"ఇప్పటికీ వద్దనే అంటానండి. గోడ ఎంత దగ్గరికొచ్చిందో నేను చూశాను," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, మీ చేతులు ఎలా ఉన్నాయని అడిగారు. వేడి ఇనుము పట్టుకున్నందుకు నా అరచేతులకూ బొబ్బలు లేచాయి. తగ్గుతున్నాయన్నాను.

నా లైసెన్సు మీద నిర్ణయం ఇంకా రాలేదు. అది రాకముందే ఇది రాస్తున్నాను. నిద్రలో ఇప్పటికీ ఏసీ గాలి ఆగినట్టు అనిపించి లేచి కూర్చుంటున్నాను. లేచి, చెయ్యి పైకెత్తి, గాలి వస్తోందో లేదో చూస్తున్నాను.

సాయంత్రం సైరన్ మోగాక ఆసుపత్రికి వెళ్లాను. చల్లగదిలోకి వెళ్లేవాళ్లకు స్వెట్టర్ ఇస్తారు. వేసుకుని లోపలికి వెళ్లేసరికి సుందరం దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి ఎత్తాడు. మాట్లాడటానికి ప్రయత్నించాడు, నేను వద్దన్నాను.

అప్పుడే దీవెన బిడ్డను తీసుకుని వచ్చింది. నెమ్ము తగ్గిందని, ఇవాళే మొదటిసారి బయటికి తేవచ్చన్నారట. ఇంటి నుంచి భుజాన వేసుకుని నడిచి వచ్చింది. పిల్ల నిద్రపోతోంది. నల్లటి జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. మెడ మడతల్లో తడి మెరుస్తోంది. తల్లి పమిట కూడా తడిసింది. దీవెన తుడవబోయింది. సుందరం ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

చూపుడు వేలితో పిల్ల నుదుటి మీద మెల్లగా రాశాడు. ఆ వేలిని దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది... చెమటేనా?" అన్నాడు.

"చెమటే. ఎప్పుడూ ఇంతే. పడుకుంటే పక్క తడిసిపోద్ది," అంది దీవెన.

ఇన్నాళ్లూ ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు ఆ ఒక్క మాటా ఈయన అడగలేదని, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయపడ్డాడని ఆమె తర్వాత నాతో అంది. తనంతట తాను చెప్పాలని తనకూ తోచలేదట. పిల్లలకు చెమట పట్టడం కూడా ఒక చెప్పుకునే విషయమేనా అనుకుందట.

పిల్ల కదిలి, మళ్లీ నిద్రలోకి జారుకుంది. గదిలో ఏసీ గాలికి వేలి మీది తడి ఎక్కువసేపు నిలవదు. అది ఆరిపోయేదాకా సుందరం ఆ వేలిని దేనికీ తగలనివ్వకుండా, కొంచెం పైకి ఎత్తి పట్టుకునే కూర్చున్నాడు.